ఉడుముకి ఐదో కాలు

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని వాదించేవాణ్ణి లోకం మొండివాడంటుంది. తమ ఉడుముకి ఐదు కాళ్ళని ఇరవై ఎనిమిదేళ్ళుగా చాటుకుంటున్నవాళ్ళని మాత్రం పటాలం అంటుంది. ఆ కుందేలునీ ఈ ఉడుమునీ పక్కపక్కన నిలబెట్టి సగటు తీస్తే తలకి నాలుగేసి కాళ్ళు చక్కగా వస్తాయి కనక, మొత్తమ్మీద సృష్టికి వచ్చిన నష్టమేమీ లేదు. కష్టమల్లా టైలర్ మాస్టర్ ఖాసీం పీరాకే వచ్చింది.

కోటగుట్ట సాయుధ పటాలం అంటే ఎవరికీ తెలియదు. ఉడుం పటాలం అంటే మాత్రం చుట్టుపక్కల నాలుగు మండలాల్లో పాలు తాగే పిల్లలు పాలు మానేస్తారు. ఆ పటాలంలో ఎనిమిది వందల మంది జవాన్లు. ఒక్కొక్కడి కుడి భుజం మీద ఒక్కో గుడ్డ బ్యాడ్జీ. బ్యాడ్జీలో కోటగోడ, గోడని కరుచుకున్న ఉడుము, కింద పట్టుదారంతో ‘పట్టు విడువం’ అన్న మాట. పూర్వం సిపాయిలు ఉడుము నడుముకి తాడు కట్టి గోడ మీదికి విసిరి, అది పట్టిన పట్టు మీద కోటలెక్కేవాళ్ళట. బాగానే ఉంది. కాని ఈ ఉడుముకి నాలుగు గోధుమరంగు కాళ్ళ మధ్య, సరిగ్గా పొట్ట కింద, ఐదో కాలు ఒకటి వేలాడుతూ ఉంటుంది. కొంచెం ఏటవాలుగా, చివర మూడు గోళ్ళతో. పైగా అది ఆకుపచ్చగా ఉంటుంది.

ఆ కాలు ఎలా వచ్చిందో భూప్రపంచంలో తెలిసినవాడు పీరా ఒక్కడే.

పటాలం పుట్టిన కొత్తలో మొదటి కమాండెంటు లోకనాథం సాహెబు ఎవరో చిత్రకారుడి చేత బొమ్మ గీయించాడు. చూశాడు, మెచ్చాడు, మెచ్చినందుకు గుర్తుగా ఆకుపచ్చ సిరాతో పొట్టి సంతకం పెట్టాడు. కాగితంలో ఖాళీ ఎక్కడుందో అక్కడే కదా సంతకం పెట్టేది? ఖాళీ ఉడుము పొట్ట కింద ఉంది. అప్పటికి ముప్పై రెండేళ్ళ పీరాని పిలిచి కాగితం చేతిలో పెట్టాడు.

“ఇందులో ఉన్నది ఉన్నట్టు దించాలి. దారప్పోగు ఎక్కువ కాకూడదు, తక్కువ కాకూడదు” అన్నాడు.

పీరా చదువు ఐదో తరగతి. ఆజ్ఞాపాలనలో మాత్రం ఎమ్మే. ఉన్నది ఉన్నట్టే దించాడు, ఆకుపచ్చదానితో సహా. దాన్ని అట్టకి కుట్టి, లక్క కరిగించి సీలు వేసి, స్టోరు బీరువాలో పెట్టి తాళం వేశారు. దాన్ని సీలు శాంపిల్ అంటారు. పటాలాల్లో దేవుడి తర్వాత మార్పు లేనిది అదే. ఆపైన వందేళ్ళు కుట్టినా, వెయ్యిమంది కుట్టినా, ఆ శాంపిల్‌లో ఎన్ని పోగులుంటే అన్ని పోగులే ఉండాలి.

వారం తర్వాత పీరా పెట్టుకున్న సెలవు చీటీ మంజూరై తిరిగొచ్చింది. చీటీ అడుగున అదే కాలు! సెలవు చీటీకి కాలెందుకు వచ్చిందా అని కాసేపు ఆలోచించి, ఉడుముకి సంతకం ఎందుకు వచ్చిందో పీరా గ్రహించాడు. వెంటనే స్టోరుకి పరుగెత్తాడు.

అప్పటి స్టోరు హెడ్డు తాపీగా చెప్పాడు: “సీలు పడింది కదబ్బా. ఇప్పుడు మార్చాలంటే శాంపిల్ తప్పని రాయాల. శాంపిల్ తప్పంటే సాహెబు చూడకుండా ఒప్పుకున్నాడని రాయాల. రాస్తావా?”

“నేనేంటికి రాస్తా అన్నా! సెలవు మీద పోతాండా” అన్నాడు పీరా.

ఆ బొమ్మ కాగితాన్ని రేకుపెట్టె అడుగున, అరిగిపోయిన కత్తెరల కింద దాచాడు. సూది నోట్లో పెట్టుకున్నాడు. నోట్లో సూది ఉన్నవాడు మాట్లాడడు, మాట్లాడితే గుచ్చుకుంటుంది. అలా ఇరవై ఎనిమిదేళ్ళు గడిచాయి. పన్నెండు మంది కమాండెంట్లు వచ్చి వెళ్ళారు. ఉడుము కాళ్ళు లెక్కపెట్టిన నాథుడు ఒక్కడూ లేడు. ఇక నెలన్నరలో పీరా రిటైరవుతాడు. పింఛను కాగితాలు కమాండెంటుగారి బల్ల మీద ఉన్నాయి, దండ కొనడానికి మనుషులు కూడా నియమితులయ్యారు.

సరిగ్గా అప్పుడు పైనుంచి సర్క్యులరు దిగింది.

‘పటాలముల చిహ్నములందు గల ప్రతి అంగమునకును అర్థముండవలెను. అర్థము గల ప్రతి అంగమును ఆచరణలో నుండవలెను. ఈ క్రింది పట్టిక పూరించి పంపవలెను.’

ఆ రోజుల్లో పై ఆఫీసులకి చిహ్నాల పిచ్చి పట్టింది. ఒక పటాలం బ్యాడ్జీలో తామరపువ్వుంటే మైదానంలో మడుగు తవ్వించారట. ఇంకో పటాలం బ్యాడ్జీలో సింహం ఉన్నందుకు అక్కడి వంటవాడు భయపడి సెలవు పెట్టాడట. ఇప్పటి కమాండెంటు త్రివిక్రమరాజుగారు ఆ సర్క్యులరుని రెండుసార్లు చదివి, పటాలం పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి ఉడుము కాళ్ళు లెక్కపెట్టారు. పురాణంలో త్రివిక్రముడికి మూడో అడుగు ఎక్కడ పెట్టాలా అని సమస్య వచ్చింది. ఈ త్రివిక్రమరాజుగారికి ఐదో కాలు ఎందులో పెట్టాలా అని సమస్య వచ్చింది.

వెంటనే ‘చిహ్న తాత్పర్య సంఘం’ ఏర్పడింది. అధ్యక్షులు రాజుగారు. సభ్యుడు ఆర్.ఐ. చెన్నప్ప, అంటే జవాన్ల చేత కవాతు చేయించే రిజర్వు ఇన్‌స్పెక్టరు. నిపుణుడు డాక్టర్ చిద్విలాసం. ఈయన ఊరూరా తిరిగి బ్యాంకుల బోర్డులకీ కాలేజీల ముద్రలకీ పరమార్థం చెప్పే మనిషి. అర్థం లేనిచోట అర్థం చెప్పడం ఆయన వృత్తి, అర్థమయ్యేలా చెప్పకపోవడం ప్రవృత్తి. దారం వివరాలు చెప్పడానికి పీరాని కూడా పిలిచి గోడవారన నిలబెట్టారు.

“చిహ్నం అనగా పటాలం యొక్క ముఖము” అన్నారు రాజుగారు, సర్క్యులరు చదివినప్పటినుంచీ సర్క్యులరులాగే మాట్లాడుతూ. “ముఖమునందు తెలియని కాలుండుట శోచనీయము. నిపుణులవారు వెలుగు ప్రసరింపజేయవలెను.”

చిద్విలాసం భూతద్దంతో ఉడుము పొట్టలోకి చాలాసేపు చూశాడు.

“చూచితిరా? నాలుగు కాళ్ళును గోడను తాకుచున్నవి. ఇది దేనినీ తాకుట లేదు. దేనినీ తాకనిది ఏది? ఆత్మ! నాలుగు పాదములు కనబడు క్రమశిక్షణ. ఐదవది కనబడని క్రమశిక్షణ.”

“కనబడతానే ఉండాది కద సార్, పచ్చగా” అన్నాడు చెన్నప్ప.

“మీకు కనబడుచున్నది. అది మీ పుణ్యము” అన్నాడు చిద్విలాసం. చెన్నప్ప తన పుణ్యానికి తానే ఉలిక్కిపడి ఊరుకున్నాడు.

పీరా గొంతు సవరించుకున్నాడు. “సార్, ఆ కాలు గురించి నాకు కొంచెం తెలుసు సార్. అది కాలు కాదు...”

“నీవు దారం సంగతి చెప్పుము. ఆధారం సంగతి మేము చూచుకొందుము” అన్నారు రాజుగారు. “ఏమి దారమది?”

“నూలుదారం సార్. పచ్చది.”

“పచ్చదనము! సస్యశ్యామలత్వము!” అని చిద్విలాసం రాసుకున్నాడు.

దారం పీరా చేతిలో ఉండిపోయింది, ఆధారం పెట్టె అడుగున ఉండిపోయింది. పట్టికలో ఐదో కాలికి ఎదురుగా ‘ఆత్మ’ అని నిండింది. ఇక మిగిలింది ఆచరణే.

మర్నాడు పొద్దున కవాతు మైదానంలో చెన్నప్ప గొంతు చించుకున్నాడు. “ఇంకమీదట మన నడక ఐదు దెబ్బలది! లెఫ్ట్, రైట్, లెఫ్ట్, రైట్, ఆత్మ! ఆత్మ అన్నప్పుడు ఏ కాలూ నేలకి తగలకూడదు!”

ఏ కాలూ నేలకి తగలకూడదంటే మనిషి గాల్లో ఉండాలి. ఎనిమిది వందల మంది రైఫిళ్ళతో సహా నాలుగడుగులు నడిచి ఎగిరారు. మళ్ళీ నాలుగడుగులు నడిచి ఎగిరారు. గుట్ట మీది కోతులు ఆ దృశ్యం చూసి పిల్లల్ని పొట్టకి కరుచుకుని అవతలికి వెళ్ళిపోయాయి. మొదటివారం పదిహేడు మందికి చీలమండలు బెణికాయి. వాళ్ళకి ఆత్మవిశ్వాసం తక్కువని సంఘం తీర్మానించింది.

అంతటితో ఆగలేదు. ఉడుముకి కాళ్ళు ఐదు, పటాలంలో కంపెనీలు నాలుగు. చిహ్నంలో ఉన్నది దళంలో ఉండి తీరాలి కనక ఐదో కంపెనీ ఏర్పడింది. మనుషుల్ని ఇమ్మంటే పైవాళ్ళు ఇవ్వరు. ఇవ్వకపోయినా ఫరవాలేదు, అది ఆత్మ కంపెనీ కదా. మైదానంలో సున్నంతో గళ్ళు గీసి దానికి చోటు కేటాయించారు. రోజూ చెన్నప్ప ఆ ఖాళీ ముందు నిలబడి హాజరు పిలిచేవాడు.

“ఐదో కంపెనీలో గైర్హాజరు ఎవరు?”

నిశ్శబ్దం.

“గైర్హాజరు ఎవురూ లేరు సార్!” అని రాజుగారికి సెల్యూట్ కొట్టేవాడు. ఆ నెల క్రమశిక్షణ షీల్డు ఐదో కంపెనీకే వచ్చింది. సెలవడిగినవాడు లేడు, అన్నం బాగాలేదన్నవాడు లేడు, చీలమండ బెణికినవాడు లేడు. మిగతా నాలుగు కంపెనీలూ వాళ్ళని చూసి నేర్చుకోవాలని రాజుగారు హితవు చెప్పారు. నాలుగు కంపెనీలూ చూశాయి. చూడ్డానికేమీ దొరకలేదు.

ఇక భుజాల తనిఖీ మొదలైంది. పటాలం జన్మదినానికి పై ఆఫీసు నుంచి పెద్ద సాహెబు వస్తున్నాడు కనక ప్రతి భుజం మీదా ఐదో కాలు సలక్షణంగా ఉందో లేదో భూతద్దం పెట్టి చూడాలి. చూస్తూ చూస్తూ ఐదు వందల నలభయ్యో భుజం దగ్గర చెన్నప్ప ఆగిపోయాడు. ఆ భుజం ఓబులేసుది. ఆ ఉడుముకి నాలుగు కాళ్ళే ఉన్నాయి.

ఓబులేసు ఆరేళ్ళుగా జలాశయం గేటు దగ్గర కాపలా. ఎండలో వానలో కుడి భుజానికి రైఫిలు తగిలించుకుని నిలబడేవాడు. తోలుపట్టీ రాసుకుని రాసుకుని, పచ్చదారం పోగు పోగూ రాలిపోయింది. పటాలంలో కూర్చున్నవాళ్ళ ఉడుములన్నీ ఐదు కాళ్ళతో నిగనిగలాడుతున్నాయి. నిలబడి పనిచేసినవాడి ఉడుముకే కాలరిగింది.

బ్యాడ్జీని కత్తిరించి జప్తు చేశారు. సాయంత్రానికి మెమో వచ్చింది. ‘పటాలం చిహ్నమందలి ఐదవ పాదమును ఉద్దేశపూర్వకముగానో, నిర్లక్ష్యముగానో, విధి నిర్వహణలోనో నిర్మూలించి, ఉడుమును నాలుగు కాళ్ళ జంతువు స్థాయికి దిగజార్చినందున మిమ్ములను సస్పెండు చేయడమైనది.’

ఓబులేసు ఆ కాగితం పట్టుకుని టైలర్ గదికి వచ్చి, కుట్టుమిషను పక్కన నేల మీద కూలబడ్డాడు. ఇద్దరివీ పటాలం లైన్లలో పక్కపక్క క్వార్టర్లు. పదిహేనేళ్ళుగా వరసలు కలుపుకున్నవాళ్ళు.

“మామా, ఉడుముకి ఉండేవి నాలుగు కాళ్ళే కద?”

“ఉడుముకి నాలుగేరా. పటాలానికి ఐదు.”

“వారంలో క్వార్టరు ఖాళీ చేయమన్నారు. పెద్దపాపకి పది దినాల్లో పదో తరగతి పరీక్షలు. ఇప్పుడు పిల్లోళ్ళని ఎత్తుకోని యాడికి పోవాల? దారం పోతే ఉద్యోగం పోతాదా మామా?”

“బ్యాడ్జీ ఇట్లియ్యి. అర్ధగంటలో కాలు మొలిపిస్తా.”

“కవర్లో పెట్టి సీలేసినారు. సాక్ష్యమంట.”

పీరా నోట్లో సూది కదిలింది. తను రిటైరవడానికి ఇంకా పదకొండు రోజులు. నోరు కదపకపోతే దండ, శాలువా, పింఛను. కదిపితే, ఇరవై ఎనిమిదేళ్ళుగా పటాలం భుజానికి దొంగకాలు కుట్టినవాడు దొరికిపోతాడు. కాని ఆ కాలు తను కుట్టింది. తను కుట్టిన కాలే ఇప్పుడు ఓబులేసు కుటుంబాన్ని వీధిలోకి తంతోంది.

“విచారణ ఎప్పుడు?”

“రేపు పదింటికి.”

పీరా నోట్లోంచి సూది తీసి దిండుకి గుచ్చాడు. రేకుపెట్టె ముందుకు లాగాడు.

మర్నాడు విచారణ గదిలో ఓబులేసుని టోపీ, బెల్టు తీయించి నిలబెట్టారు. బల్ల వెనక రాజుగారు, అటూ ఇటూ చెన్నప్ప, చిద్విలాసం. మధ్యలో సీలు కవరులో నాలుగు కాళ్ళ ఉడుము. పీరా వచ్చి బొమ్మ కాగితం బల్ల మీద పరిచాడు.

“సార్, తప్పు నాది. ఓబులేసుది కాదు. ఇది లోకనాథం సాహెబు ఇచ్చిన బొమ్మ. ఈ పచ్చది కాలు కాదు సార్. ఆయప్ప పొట్టి సంతకం. నాకు తెలీక దాన్ని కూడా కుట్టేసినా. ఇది నా సెలవు చీటీ. చూడండి, అదే కాలు, అవే గోళ్ళు.”

రాజుగారు భూతద్దం తీసుకుని ఉడుము మీదినుంచి చీటీ మీదికి, చీటీ మీదినుంచి ఉడుము మీదికి మూడుసార్లు ప్రయాణం చేశారు.

“ఇనీషియలే” అన్నారు చివరికి, నీరసంగా.

“సంతకం అనగా ఆత్మ యొక్క లిఖిత రూపమే కదా!” అని చిద్విలాసం తన మాటకి ఉడుములా అతుక్కున్నాడు. “నా సిద్ధాంతము మరింత బలపడినది.”

ఓబులేసు ఒక అడుగు ముందుకు జరిగాడు. “అట్లయితే నా తప్పేం లేదు కద సార్? కాలే కాదంట కద?”

రాజుగారు కుర్చీలో నిటారుగా సర్దుకున్నారు. “పొరపడుచున్నావు. ఇంతవరకు నీపై గల అభియోగము ఒక జంతువు కాలు అరగదీయుట. ఇప్పుడు పై అధికారి సంతకమును చెరిపివేయుటగా మారినది. మొదటిదానికి సస్పెన్షన్. రెండవదానికి డిస్మిస్.”

ఓబులేసు పీరా వైపు తిరిగాడు. “మామా” అన్నాడు గొణుగుతూ, “అది కాలుగా ఉన్నప్పుడే బాగుండె కద మామా.”

పీరా నిజం చెబితే మబ్బు విడిపోతుందనుకున్నాడు. ఉడుమైనా నయం, గోడని పట్టుకుంటుంది. ఆఫీసు పట్టుకున్నది వదలదు, పట్టుకోవలసినదాన్ని పట్టుకోదు. అప్పుడతనికి తన వృత్తి గుర్తొచ్చింది. చొక్కా బిగువైతే మనిషిని చెక్కరు, చొక్కా విప్పి కుడతారు. రాజుగారి కొలతలు ఈ ఏడాదిలో తనకి బాగా తెలిశాయి.

“సార్, చిన్న మాట” అన్నాడు. “లోకనాథం సాహెబు దిగిపోయి ఇరవై నాలుగేండ్లయింది. దిగిపోయిన సాహెబు సంతకం ఇంకా ఎనిమిది వందల భుజాల మీద పెత్తనం చేస్తాండాది. మీరు వచ్చి ఏడాదాయె. పటాలమంతా ఎదికినా మీ సంతకం పెట్టేదానికి జాగా లేదు సార్. జాగా ఉండేది ఒక్క ఈ ఓబులేసు ఉడుముకే.”

రాజుగారి చేయి దానంతట అదే జేబులోని ఆకుపచ్చ కలం దగ్గరికి వెళ్ళింది.

“వీణ్ణి తీసేస్తే ఆ జాగా కూడా పోతాది” అన్నాడు పీరా, బటన్ కుట్టి దారం తెంపినంత మెల్లగా.

గంట తర్వాత కొత్త ఉత్తర్వు వెలువడింది. పాత కాలు రద్దు. దాని స్థానంలో ప్రస్తుత కమాండెంటువారి సంతకం. ఓబులేసు బ్యాడ్జీ చెడగొట్టినది కాదు, భవిష్యత్తు కొరకు ఖాళీ చేయబడినది. కొత్త శాంపిల్ దాని మీదే తయారు కావలెను.

అక్కడ చెన్నప్పకి ధర్మసందేహం వచ్చింది. “సార్, బ్యాడ్జీ ఎప్పుడూ భుజం మీద ఉండాలని రూలు. బీరువాలో పెడితే భుజమెట్ల?”

“భుజముతో సహా పెట్టుడు.”

“భుజం మనిషికుంటాది కద సార్.”

“మనిషితో సహా” అన్నారు రాజుగారు, రూలు రూలే కనక.

ఆ విధంగా ఓబులేసు శాంపిల్ అయ్యాడు. పీరా అతని భుజం మీద బ్యాడ్జీ తిరిగి కుట్టి, రాజుగారి సంతకాన్ని పచ్చదారంతో దించాడు. లోకనాథం సాహెబుది పొట్టి సంతకం, కాలితో సరిపోయింది. త్రివిక్రమరాజుగారిది పందిరెక్కిన బీరతీగ. పొట్ట కింద మొదలై, మూడు మెలికలు తిరిగి, కోటగోడ దాటి, ‘పట్టు విడువం’ కింద గీతై, రెండు చుక్కలతో ముగిసింది. ఇప్పుడు చూసేవాళ్ళకి ఉడుము గోడని పట్టుకుందో, సంతకం ఉడుముని పట్టుకుందో తెలియడం మానేసింది. చొక్కా చేతి అంచున లక్కసీలు పడింది. ఓబులేసుని స్టోరు గదిలో ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టారు. తలుపుకి ఉత్తర్వు అంటించారు: ‘సీలు శాంపిల్. దీనిని కదిలించరాదు, మార్చరాదు, తొలగించరాదు.’ పొద్దున తొమ్మిదికి తాళం తీసి లోపల పెట్టేవాళ్ళు, ఐదుకి ఇంటికి పంపేవాళ్ళు. క్వార్టరు ఉండిపోయింది. పాప పరీక్షలకి చదువుకుంటోంది.

“ఎండలో ఆరేండ్లు నిలబడితే ఉద్యోగం పోబోయె. కుర్చీలో కూచుంటే గట్టిపడె. ఇదేం న్యాయం మామా?” అన్నాడు ఓబులేసు.

“న్యాయం కాదురా, నమూనా” అన్నాడు పీరా.

పటాలం జన్మదినం వచ్చింది. పీరా ఉద్యోగానికి అది చివరి రోజుకి ముందురోజు. పెద్ద సాహెబు పొడుగ్గా, తక్కువ మాటలతో, ఎర్ర కలంతో వచ్చాడు. కవాతు మొదలైంది. లెఫ్ట్, రైట్, లెఫ్ట్, రైట్, ఆత్మ! ఎనిమిది వందల మంది ఒక్కసారిగా గాల్లోకి లేచేసరికి ఆయన చేతిలో నిమ్మరసం కూడా వాళ్ళతో పాటు లేచింది. కిందికి మాత్రం ఆయన చొక్కా మీద దిగింది. తర్వాత ఐదో కంపెనీ వచ్చింది. అంటే చెన్నప్ప ఒక్కడే, వెనక వందగజాల ఖాళీని నడిపించుకుంటూ వచ్చి సెల్యూట్ కొట్టాడు. అలవాటు కొద్దీ పెద్ద సాహెబు చేయి కూడా లేచింది. లేచిన చేతిని ఏం చేయాలో తెలియక ఆయన దాంతో తల గోక్కున్నాడు.

చివర్న పెద్ద సాహెబు స్టోరు గదిలో కుర్చీలో కూర్చున్న ఓబులేసు దగ్గర ఆగాడు. చొక్కా చేతి అంచున లక్కసీలు.

“ఇదేమిటి?”

“శాంపిల్ అండి” అన్నారు రాజుగారు.

“మాట్లాడుతుందా?”

“అడిగినచో మాట్లాడునండి.”

పెద్ద సాహెబు వంగి బ్యాడ్జీ చూశాడు. “ఏమయ్యా, ఉడుముకి ఈ ఐదోదేమిటి?”

రాజుగారు ఆత్మ అనబోయారు. పెద్ద సాహెబు చేయెత్తి ఆపాడు.

ఓబులేసు కుర్చీలోంచి లేవలేదు, శాంపిల్ కదలకూడదు కనక. “నాలుగు కాళ్ళతో ఉడుము నడుస్తాది సార్” అన్నాడు. “ఐదోదాంతో ఆఫీసు నడుస్తాది.”

పెద్ద సాహెబు నవ్వలేదు. కోప్పడలేదు. ఆమోదం కోసం సిద్ధంగా పెట్టిన కొత్త బొమ్మ కాగితాన్ని తీసుకుని, ఉడుము తల మీద ఎర్రసిరాతో ఒక్క మాట రాసి, కారెక్కి వెళ్ళిపోయాడు.

‘మాట్లాడండి.’

ఆఫీసు భాష తెలిసినవాళ్ళకి ఆ మాట అర్థం తెలుసు. ఇదంతా ఏమిటో నాకు బోధపడలేదు, నా ముందుకి వచ్చి నోటితో సంజాయిషీ చెప్పండి అని. కాని వెళ్ళి చెప్పేదెవరు? కవాతు సంగతి చెప్పాలి, ఖాళీ కంపెనీ సంగతి చెప్పాలి, సంతకం సంగతి చెప్పాలి. రాజుగారు ముందుగా ఓబులేసుని డిస్మిస్ చేస్తానని గుమాస్తాని కేకేశారు. గుమాస్తా వినయంగా తలుపు మీది ఉత్తర్వు చూపించాడు. తొలగించరాదు. కింద తీగలా పాకిన తమ సంతకమే ఉంది. సీలు పడింది కదా, రాజుగారు పళ్ళు నూరి ఊరుకున్నారు. తర్వాత కాగితం మీద ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి చెన్నప్పకి పంపారు. చెన్నప్ప దాని పక్కన పొట్టిగా గీసి ‘అవసరమైన పనికి’ అని రాశాడు. పటాలంలో అవసరమైన పని చేసేవాళ్ళు ఎక్కువమంది లేరు కనక కాగితం మర్నాటికి పీరా బల్ల మీదికి దిగింది. దాంతో పాటు చెన్నప్ప కూడా దిగాడు.

“పెద్దసాహెబు చేతిమీదుగా పోయొచ్చిన కాగితం. ఇంక దీనికి తిరుగులేదు. కొత్త శాంపిల్ ఈరోజే కుట్టాల. ఉన్నది ఉన్నట్టు దించు.”

పీరా కాగితం చూశాడు. ఉడుము ఉంది, కోట ఉంది, బీరతీగ ఉంది, తగు చర్య ఉంది, అవసరమైన పని ఉంది, ఎవరో గ్లాసు పెట్టిన టీ మరక గుండ్రంగా ఉంది. అన్నిటి పైన, ఉడుము నెత్తిన, ఎర్రగా ఆ మాట ఉంది. పక్కనే దండ, శాలువా తెచ్చి పెట్టారు. పింఛను కాగితాల మీద సంతకం కూడా అయిపోయింది.

“సార్” అన్నాడు పీరా, “ఈడ మాట్లాడండి అని రాసుండాది కద. ఎవురన్నా పోయి మాట్లాడాలేమో?”

“మాట్లాడకుండా కుట్టు” అన్నాడు చెన్నప్ప.

పీరా డబ్బాలోంచి ఎర్రదారం ఉండ వెతికి తీశాడు. టీ మరకకి ఏ రంగు సరిపోతుందో చూసుకున్నాడు. తర్వాత సూది నోట్లో పెట్టుకున్నాడు.